అతికిన ఎముక, కదలని కాలు

నగరం నాడి – చరిత్ర ధారావాహిక: 9వ భాగం

బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టుకున్న 1897 ఆగస్టు దగ్గర గత భాగం ఆగింది. అక్కణ్నుంచి అమీర్‌పేట చౌరస్తా మీదుగా పంజాగుట్టకు వస్తే రాళ్లగుట్టలు, తోటలు, దూరంగా ఫక్రుల్ ముల్క్ నవాబు కట్టించుకున్న ఎర్రమంజిల్. నగరం ఇటువైపు పాకడానికి చాలా ఏళ్లు పట్టింది. పాకుతున్న రోజుల్లోనే, 1964 డిసెంబరు 22న, ఇక్కడ నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి మొదలైంది. ఇప్పుడు మనమంతా నిమ్స్ అంటున్నది దాన్నే.

దాన్ని కట్టించింది నిజాం చారిటబుల్ ట్రస్టు. అప్పటికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు రాజ్యం పోయి పదహారేళ్లు, రాజప్రముఖ్ పదవి పోయి ఎనిమిదేళ్లు. ఆయన పిసినారితనం గురించి నగరం కథలు కథలుగా చెప్పుకునేది. అతుకుల షేర్వానీ, సగం కాల్చి దాచుకున్న సిగరెట్టు ముక్క, ఇలాంటివి. ఆ కథల్లో నిజమెంతైనా, ఆయన పేరిటి ట్రస్టు డబ్బు ఒక్క ఎముకలూ కీళ్ల కోసమే ఒక దవాఖానాగా లేచింది. ఆసుపత్రి తెరిచిన రెండేళ్ల చిల్లరకే, 1967 ఫిబ్రవరి 24న, ఆయన కన్నుమూశారు.

ఎముకలకు వేరే ఆసుపత్రి ఎందుకు? మూసీ ఒడ్డున ఉస్మానియా ఉండనే ఉంది కదా. లెక్క మంచాల దగ్గర వస్తుంది. ఆ రోజుల్లో తొడ ఎముక విరిగితే కాలికి బరువులు వేలాడదీసి రెండు మూడు నెలలు పడుకోబెట్టేవారు. వెన్నెముకకు క్షయ పట్టిన మనిషైతే ఇంకా ఎక్కువ కాలం. జ్వరం రోగి వారంలో లేచిపోతాడు, కాన్పుకు వచ్చిన తల్లి నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్తుంది. ఎముక రోగి మాత్రం మంచం వదలడు. సాధారణ ఆసుపత్రికి అతను భారం, అతనికి అక్కడి హడావిడి భారం. పైగా ఎముక అతికాక మిగిలే పని ఇంకోటి ఉంది. బిగుసుకున్న కీలును వంచాలి, సన్నబడ్డ కండకు బలం తేవాలి, భయపడ్డ మనిషిని నిలబెట్టాలి. ఈ భాగం ఆ రెండో పని గురించే. చరిత్ర పుస్తకాలు దానికి ఇచ్చిన చోటు తక్కువ.

పంజాగుట్టలో ఆసుపత్రి రాకముందు బొక్క విరిగితే జనం ఎక్కడికి పోయేవారు? నగరంలో అయితే పహిల్వాన్ దగ్గరికి. తాలీంఖానాల్లో కుస్తీ పట్టేవాళ్లకు బెణుకులు, కీలు తొలగడాలు నిత్యం ఉండేవే కాబట్టి వాటిని సరిచేసే చేతివాటం ఉస్తాదులకు అబ్బేది. నూనె పెట్టి రుద్దడం, లాగి కీలు ఎక్కించడం, బద్దలు పెట్టి కట్టడం వాళ్ల పని. యునానీ వైద్యంలోనూ మర్దనం, వ్యాయామం, ఆవిరి, కప్పు చికిత్స శాస్త్రంలో భాగాలే.

ఆంధ్ర ప్రాంతంలో అయితే పుత్తూరు కట్టు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరు పక్కన ఈసలాపురంలో కేశవరాజు అనే ఆయన 1881లో ఈ కట్టు మొదలుపెట్టారని వాళ్ల కుటుంబం చెబుతుంది. వేటలో కాలు విరిగిన కుందేలును చుట్టి తెచ్చిన ఆకుల వల్లే మందు తెలిసిందన్న కథ కూడా ప్రచారంలో ఉంది. పద్ధతి సాదా: ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఇవాళ హైదరాబాద్‌లో ఏ వాడకు వెళ్లినా ‘పుత్తూరు కట్టు’ బోర్డు కనిపిస్తుంది. అన్నిటికీ ఈసలాపురంతో చుట్టరికం ఉందని నమ్మనక్కర్లేదు.

చదువుకున్నవాళ్లు ఈ కట్టును చూసి నవ్వుతారు. నవ్వే ముందు లివర్‌పూల్ సంగతి తెలుసుకోవాలి. బ్రిటన్‌లో ఎముకల వైద్యానికి ఆద్యుడని పేరున్న హ్యూ ఓవెన్ థామస్ పూర్వీకులు వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపంలో తరతరాలుగా ఎముకలు కట్టిన పల్లెటూరివాళ్లే. తండ్రి ఎవాన్ థామస్ డిగ్రీ లేకుండానే లివర్‌పూల్‌లో ఆ పని చేసి, కోర్టుల చుట్టూ తిరిగి విసిగిపోయి, ఐదుగురు కొడుకుల్నీ వైద్యం చదివించాడు. వాళ్లలో హ్యూ తయారుచేసిన ఇనప చట్రమే థామస్ స్ప్లింట్. మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల మరణాలు దానివల్ల బాగా తగ్గాయి. ఈసలాపురం రాజులకూ ఆంగ్లసీ థామస్‌లకూ నడుమ ఉన్న తేడా ఒక్క తరం చదువు. చేతివాటంలో పెద్ద తేడా ఏమీ లేదు.

ప్రమాదం మాత్రం నిజం. కేశవరాజు కట్టు మొదలైందని చెప్పే 1881లోనే జర్మనీలో రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ ఒక వ్యాసం రాశాడు. మరీ బిగించి కట్టిన కట్టు కింద రక్తం ఆడక కండ చచ్చి, చేతివేళ్లు కొంకర్లు పోతాయని అందులో చెప్పాడు. పట్నం డాక్టరు కట్టినా, పల్లె వైద్యుడు కట్టినా ఫలితం ఒకటే. నూటపాతికేళ్లు దాటినా మన ఎముకల వార్డుల్లోకి అలాంటి చేతులు ఇంకా వస్తూనే ఉన్నాయి. కట్టిన కొద్ది గంటలకే వేళ్లు చల్లబడి, నీలంగా మారి, తిమ్మిరెక్కి, చాచబోతే భరించలేని నొప్పి పుడితే ఆ కట్టు అక్కడికక్కడే విప్పాలి. తెల్లారాక చూద్దాం అనుకునే వ్యవధి ఉండదు.

పిండికట్టు సంగతి కూడా చెప్పుకోవాలి. 1852 ప్రాంతంలో డచ్ సైన్యంలో వైద్యుడు ఆంటోనియస్ మథైసన్ గుడ్డకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టించి చుట్టే పద్ధతి తెచ్చాడు. అది గొప్ప మేలే చేసింది. దాంతోపాటే కదలకుండా ఉంచడమే వైద్యం అన్న నమ్మకాన్నీ రాయిలా గట్టిపరిచింది. ఫ్రాన్స్‌లో లూకా షాంపియోనియర్ అనే సర్జన్, విరిగిన చోటును మెల్లగా కదిలించాలి, మర్దన చేయాలి అని వాదించాడు కానీ ఆయన మాట విన్నవాళ్లు కొద్దిమంది. 1958లో స్విట్జర్లాండ్‌లో కొందరు సర్జన్లు ఒక బృందంగా చేరి ప్లేట్లు, స్క్రూలతో ఎముకను లోపలే బిగించే శాస్త్రాన్ని కట్టారు. వాళ్ల అసలు ఉద్దేశం మన రోగుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఎముకను అంత గట్టిగా బిగించేది కీలును వెంటనే కదిలించడానికే. మనవాళ్లేమో ‘రాడ్ వేశారు, ఇక కదలొద్దు’ అని పడుకుంటారు. ఆపరేషన్‌కు లక్షలు పోసి, అది తెచ్చిపెట్టిన సౌకర్యాన్ని మంచం మీద పారబోసుకోవడం ఇది.

ఆరు వారాలు కదలని మోకాలు ఏమవుతుందో లెక్కల్లో చూస్తే మన గొడవ ప్రత్యేకమని తెలుస్తుంది. చదునైన నేల మీద నడవడానికి మోకాలు 60, 65 డిగ్రీలు వంగితే చాలు. మెట్లెక్కి దిగడానికి దాదాపు 90, 100 కావాలి. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం లక్ష్యం అక్కడికక్కడే ఉండేది. కుర్చీ, కమోడ్, కారు ఉన్నవాడికి అది సరిపోతుంది. నేల మీద భోంచేసేవాడికి, నాట్లు వేసేదానికి, నమాజులో మోకరిల్లేవాడికి, ఊరి మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చునేవాళ్లకు 130 డిగ్రీలకు పైనే వంగాలి. చివరి ఆ 30 డిగ్రీలు ఏ ఎక్స్‌రేలోనూ కనిపించవు. మంటతో, కన్నీళ్లతో, రోజుకింత చొప్పున ఎవరో ఒకరు వంచితేనే వస్తాయి. ఆ ఎవరో ఒకరే ఫిజియోథెరపిస్టు.

మన దేశంలో ఆ వృత్తి పోలియో వెంట వచ్చింది. 1950ల తొలినాళ్లలో బొంబాయిని పోలియో కుదిపేశాక, 1953లో అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో దేశంలో తొలి ఫిజియోథెరపీ బడి పెట్టారు. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. అప్పటికి ప్రపంచంలో పోలియో వైద్యం మీద ఒక పెద్ద పోట్లాట జరిగి చల్లారింది. డాక్టర్లంతా పోలియో వచ్చిన బిడ్డ కాళ్లను బద్దల్లో, పిండికట్టులో బిగించేవారు. ఎలిజబెత్ కెనీ అనే ఆస్ట్రేలియా నర్సు దానికి అడ్డం తిరిగింది. వేడినీళ్లలో పిండిన ఉన్ని గుడ్డలతో కాపడం పెట్టి, పట్టేసిన కండ సడలగానే మెల్లగా కదిలించేది. వైద్యులు ఆమెను వెక్కిరించారు. 1940లో ఆమె అమెరికా వెళ్లాక మినియాపొలిస్‌లో ఆమె పద్ధతికి ఆదరణ దొరికింది. జబ్బు ఎందుకు వస్తుందో ఆమె చెప్పిన సిద్ధాంతం తప్పు. చేసిన వైద్యం మాత్రం చాలావరకు ఒప్పు. ఈ వృత్తి చరిత్రలో ఇలాంటి సంఘటనలు తరచూ ఎదురవుతాయి.

తెలుగు నేల మీద 1960ల నుంచి 90ల దాకా ఏ ఊరు చూసినా పోలియో కాలున్న పిల్లవాడు ఒకడైనా కనిపించేవాడు. చేత్తో తొడను నొక్కిపట్టి నడిచేవాడు. అలా నొక్కడం వెనక ఒక శాస్త్రం ఉంది. తొడ ముందు కండ చచ్చుబడితే బరువు పడగానే మోకాలు మడతపడుతుంది, దాన్ని ఆపడానికి చెయ్యే ఆసరా. ఆ పని చేతి బదులు క్యాలిపర్ చేస్తుంది. తొడ నుంచి బూటు దాకా ఇనప కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర తాళం. బిడ్డ నిలబడతాడు, నిజమే. కానీ సన్నబడ్డ ఆ కాలి బరువుకు ఇనుము బరువు తోడవుతుంది. దాన్ని లాగేది కాలు కాదు, నడుము. తుంటిని పైకెత్తి, ఒళ్లు ఊపి, కాలును విసిరితే ఒక అడుగు.

ఇక్కడే పంజాగుట్ట కథలోకి కంచన్‌బాగ్ వస్తుంది. అబ్దుల్ కలామ్ 1982లో అక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాల డైరెక్టరుగా వచ్చారు. 1989 మే 22న అగ్ని క్షిపణి ఎగిరింది. ఆయన తరవాతి ఏళ్లలో ఎన్నో సభల్లో చెప్పిన ముచ్చట ఇది: నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు ప్రయోగశాల చూడ్డానికి వచ్చి, క్షిపణి కోసం తయారుచేసిన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని, దాని తేలికదనానికి ఆశ్చర్యపోయి, కలామ్‌ను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు ఒక్కోటీ మూడు కిలోలకు పైగా ఉన్న క్యాలిపర్లు ఈడ్చుకుంటూ తిరుగుతున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. వాటిని తొడుక్కుని పిల్లలు పరుగులు తీస్తుంటే తల్లిదండ్రులు కన్నీళ్లు పెట్టుకున్నారు. తన జీవితంలోని నాలుగు పరమానందాల్లో కలామ్ దీన్నొకటిగా చెప్పుకున్నారు.

ఈ కథలో క్షిపణి అందరికీ గుర్తుంటుంది. క్యాలిపర్ ఎలా పనిచేసిందో ఎవరూ చెప్పరు, విచిత్రం అదే. మోకాలి కింద ముందువైపున జంఘను గట్టిగా పట్టుకునే ఒక చిప్ప ఉంటుంది. అదీ, పాదం కిందికి వెళ్లే భాగమూ ఒకే ముక్క. మడమ కీలు దాదాపు కదలకుండా, పాదం కొద్దిగా కిందికి వాలి ఉండేలా అచ్చు తీస్తారు. పాదం నేలకు తాకగానే నేల తిరిగి నెట్టే బలం ఆ చిప్ప ద్వారా మోకాలి కింది భాగాన్ని వెనక్కి తోస్తుంది. తొడ కండ పనిచేయకపోయినా మోకాలు నిటారుగా నిలుస్తుంది. తాళం అక్కర్లేదు, తొడ దాకా కడ్డీలు అక్కర్లేదు. బరువు తగ్గడంలో సగం పదార్థం మహిమ, సగం ఈ ఆలోచన మహిమ.

అయితే దీనికో షరతు ఉంది. మోకాలు ముందుగానే వంగి బిగుసుకుపోయి ఉంటే ఈ క్యాలిపర్ పనికిరాదు. నేల బలం మోకాలిని చాచడానికి బదులు ఇంకా మడిచేస్తుంది. అంటే 300 గ్రాముల కాలు తొడుక్కోవడానికి అర్హత సంపాదించాలి. బిడ్డ కాలును నెలల తరబడి తల్లి చేతులో, ఫిజియో చేతులో రోజూ సాగదీసి ఉండాలి, లేదా కత్తి పడాలి. ఆ రోజు పరుగులు తీసిన పిల్లల వెనక అలాంటి రోజులు ఎన్ని ఉన్నాయో ఏ ఉపన్యాసంలోనూ లేదు.

కత్తి పడాల్సిన పిల్లలకు విశాఖపట్నం దిక్కయింది. డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు 1980ల నుంచి పోలియో బాధితులకు ఉచిత శిబిరాలు పెట్టి, ఊరూరా తిరిగి బిగుసుకున్న కాళ్లకు ఆపరేషన్లు చేశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. దేశమంతా ఆయన్ను గుర్తించేనాటికి ఆయన ఏ జబ్బుతో పోరాడారో అది దేశంలో లేకుండా పోయింది.

ఈలోగా పంజాగుట్ట ఆసుపత్రి స్వరూపమే మారింది. 1980ల నడుమ ఎన్టీ రామారావు ప్రభుత్వం అమెరికాలో స్థిరపడ్డ రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావును పిలిపించి డైరెక్టరుగా పెట్టింది. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, న్యూయార్క్‌లో ప్రొఫెసరుగా పేరు తెచ్చుకుని, ఉత్తర అమెరికా తెలుగు సంఘానికి తొలి అధ్యక్షుడిగా ఉన్న మనిషి ఆయన. గుండె, మూత్రపిండాలు, నరాలు అంటూ విభాగాలు పెరిగాయి. 1989లో శాసనసభ చట్టంతో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ స్వతంత్ర ప్రతిపత్తి పొందింది. ఎముకల కోసం పుట్టిన ఆసుపత్రిలో ఎముకలు అనేక విభాగాల్లో ఒకటయ్యాయి. రాష్ట్రానికి లాభమే జరిగింది. కానీ పేరులోంచి ఆర్థోపెడిక్ పోవడంతో, మనిషిని తిరిగి నడిపించడానికే ఈ ఇల్లు కట్టారన్న జ్ఞాపకం కూడా మెల్లగా పోయిందని అనుకోకుండా ఉండలేం.

పునరావాసం అన్న సంగతి అప్పట్లో సగటు తెలుగువాడికి ఆసుపత్రి నుంచి చేరలేదు, సినిమా హాల్లోంచి చేరింది. 1981లో బస్సు ప్రమాదంలో కాలు కోల్పోయిన నర్తకి సుధా చంద్రన్, జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ దగ్గర కృత్రిమ పాదం అమర్చుకుని మళ్లీ నాట్యం చేసింది. ఆమె కథను సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో రామోజీరావు 1985లో ‘మయూరి’గా తీశారు, ఆమె పాత్ర ఆమే వేసింది. జైపూర్ పాదాన్ని 1960ల చివర సేఠీతో కలిసి రూపొందించిన రామచంద్ర శర్మ డిగ్రీలున్నవాడు కాదు, చేతిపని నేర్చిన శిల్పి. బూటు లేకుండా, మట్టిలో, నీళ్లలో నడవగలిగే పాదం కావాలని ఆలోచించడానికి అలాంటివాడే కావాల్సొచ్చింది.

తెలంగాణకు తనదైన ఒక గాయం ఉంది. తాటిచెట్టు మీంచి గీత కార్మికుడు జారితే వీపు ఎముక విరిగి, లోపల వెన్నుపాము నలిగి, నడుము కింది భాగం చచ్చుబడుతుంది. నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి పంజాగుట్టకు వచ్చే అంబులెన్సుల్లో ఈ మనుషులు తరచూ ఉంటారు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఇలా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడైనా నెలల్లోనో, ఒకటి రెండేళ్లలోనో చనిపోయేవారు. చంపేది విరిగిన వెన్ను కాదు, వీపు మీద పడే పుండ్లు, మూత్రంలో చేరే చీము. నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో ఈ లెక్క మార్చాడు. ఆయన దగ్గర కొత్త మందేమీ లేదు. రెండు గంటలకోసారి రాత్రీ పగలూ రోగిని పక్కకు తిప్పడం, మూత్రం సంగతి శుభ్రంగా చూడటం, కూర్చోబెట్టడం, చేతులకు బలం పెంచడం, చక్రాల కుర్చీలోకి తనంతట తాను మారడం నేర్పించడం. 1948లో ఆ రోగులతోనే విలువిద్య పోటీ పెట్టించాడు. పారాలింపిక్స్‌కు అదే మొదలు.

రెండు గంటలకోసారి తిప్పడానికి ఖర్చేమీ లేదు, మనిషి కావాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక ఆ మనిషి ఎప్పుడూ భార్యే. ఆమెకు ఎవరైనా కూర్చోబెట్టి నేర్పితే భర్త బతుకుతాడు, లేకపోతే పిరుదుల మీద పుండుతో మళ్లీ వస్తాడు. గీత కార్మికులు పడిపోకుండా చూసే పని మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో చెట్టెక్కేవాళ్లకు భద్రతా పరికరాలు పంచడం ప్రారంభించింది.

పంజాగుట్టలో ఇలా జరుగుతుంటే అమీర్‌పేట వైపు ఇంకో పాయ ఉంది. అది ఇంకా పాతది. బల్కంపేట ఎల్లమ్మ గుడికి దగ్గర్లోని ప్రకృతి చికిత్సాలయాన్ని 1949లో డాక్టర్ బి. వెంకటరావు స్థాపించారు. 1970లో దానికి కళాశాల తోడైంది, ఇప్పుడది గాంధీ ప్రకృతి వైద్య కళాశాల. మన దేశంలో ప్రకృతి వైద్యం చరిత్ర చెప్పేవాళ్లు మొదట తలిచేది ఒక తెలుగు పుస్తకాన్నే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే రాసిన చికిత్సా గ్రంథాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ అనువాదాలు పదేళ్ల తరవాతే వచ్చాయి. గాంధీ తన కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ వచ్చినప్పుడు చేయించిన తొట్టిస్నానాలు ఈ కూనే చెప్పినవే.

కూనే సిద్ధాంతం ప్రకారం రోగాలన్నిటికీ ఒకటే మూలం, ఒంట్లో పేరుకున్న మలినం. అది నిలబడే మాట కాదు. క్షయకో మధుమేహానికో తొట్టిస్నానాన్ని నమ్ముకున్నవాళ్లు నష్టపోయారు. మోకాళ్లు అరిగినవాళ్ల విషయంలో మాత్రం సంగతి వేరు. వేడినీళ్ల తొట్టిలో ఒంటి బరువు తేలిపోతుంది, నొప్పి లేకుండా కీలు ఆడుతుంది. ఆవిరి, మర్దనం కండను సడలిస్తాయి. బరువు తగ్గే తిండి, పొద్దున్నే ఆసనాలు ఉండనే ఉన్నాయి. వారం పదిరోజులు అక్కడ ఉండి హాయిగా నడుచుకుంటూ వచ్చినవాళ్లు మట్టిపట్టీకి దండం పెడతారు. నడిపించింది బహుశా రోజూ చేయించిన కసరత్తు.

1990ల చివర అమీర్‌పేట రూపు మారింది. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు కిటికీల్ని కూడా కప్పేశాయి. ఉమ్మడి రాష్ట్రం నలుమూలల కుర్రాళ్లు ఇరుకు హాస్టళ్లలో దిగి, పొద్దుటి నుంచి రాత్రి దాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని జావా నేర్చారు. ఉద్యోగాలొచ్చాక ఇంకాస్త మంచి కుర్చీల్లో కూర్చున్నారు. బోర్డుల గుంపులోకి మెల్లగా ఫిజియోథెరపీ క్లినిక్కుల బోర్డులు చేరాయి. మెడ పట్టేసింది, నడుము పట్టేసింది, చెయ్యి తిమ్మిరెక్కుతోంది. పరుపు మీద బోర్లా పడుకుంటే కరెంటు పెడతారు, పావుగంట గుచ్చినట్టుగా, హాయిగా ఉంటుంది. పది సిట్టింగుల ప్యాకేజీ.

ఈ కరెంటు మీద ఒక మాట గట్టిగానే చెప్పాలి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే జాతీయ సంస్థ 2016లో నడుంనొప్పి మీద అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ తిరగేసింది. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, చర్మం మీంచి ఇచ్చే కరెంటు చికిత్సలు ఇవ్వొద్దని తేల్చింది. చేత్తో చేసే చికిత్సను మాత్రం వ్యాయామంతో కలిపి ఇస్తేనే ఇవ్వమంది. మంచం మీద పడుకోవడం సంగతి అంతకు ముందే తేలింది. 1986లో రిచర్డ్ డెయో బృందం అమెరికాలో 203 మంది నడుంనొప్పి రోగుల్లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక చెప్పి చూసింది. రెండు రోజులవాళ్లకు పోయిన పనిదినాలు 45 శాతం తక్కువ, నొప్పి తగ్గడంలో తేడా లేదు. ఇది తెలిసీ నలభై ఏళ్లు కావొస్తోంది. అయినా మన ఇళ్లలో నడుము పట్టిన మనిషికి నెల రోజుల బెడ్‌రెస్టు ఇప్పటికీ దొరుకుతూనే ఉంది.

ఫిజియోలందరూ కరెంటు అమ్ముకుంటున్నారని కాదు. రోగి అడిగేదే అది. కసరత్తు చెబితే ‘ఇంట్లో చేసుకుంటాలే’ అంటాడు, యంత్రం పెడితే డబ్బులిస్తాడు. నాలుగున్నరేళ్లు చదివిన మనిషికి ఈ బజారులో గౌరవం కూడా తేలిగ్గా దక్కలేదు. వృత్తిని క్రమబద్ధం చేసే కేంద్ర చట్టం 2021 దాకా రాలేదు. 2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకూడదంటూ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒక లేఖ పంపి, గోల మొదలవగానే మర్నాడే వెనక్కి తీసుకుంది.

పోలియో సంగతికి మళ్లీ రావాలి, ఎందుకంటే అది ముగియలేదు. 1995లో పల్స్ పోలియో మొదలైంది. 2011 జనవరి 13న హౌరాలో చివరి కేసు వచ్చింది. 2014 మార్చి 27న మన దేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రెండేళ్లు తిరిగాయో లేదో 2016లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండో రకం పోలియో వైరస్ బయటపడింది. ఆ జూన్‌లో నగరంలో లక్షల మంది పిల్లలకు హడావుడిగా ఇంజెక్షన్ టీకా వేశారు. ఒక్క బిడ్డకూ పక్షవాతం రాలేదు.

పాత పిల్లలు మాత్రం మనమధ్యే ఉన్నారు. మూడు కిలోల ఇనుము ఈడ్చినవాళ్లు, 300 గ్రాములది తొడుక్కున్నవాళ్లు ఇప్పుడు నలభై, యాభైలలో ఉన్నారు. బ్యాంకుల్లో, బళ్లలో, ఎస్టీడీ బూతుల నుంచి మొబైల్ షాపులకు మారిన కొట్లలో పనిచేస్తున్నారు. ముప్పై నలభై ఏళ్లు స్థిరంగా ఉన్న కాలు వాళ్లలో కొందరికి మళ్లీ బలహీనపడుతోంది. అప్పట్లో బాగానే ఉందనుకున్న రెండో కాలు కూడా తడబడుతోంది. పగలంతా నిస్సత్తువ. వైద్యులు దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. మిగిలిన కొద్దిపాటి నరకణాలు చనిపోయినవాటి పని కూడా భుజాన వేసుకుని దశాబ్దాలు మోసి అలిసిపోవడమే దీనికి కారణమని వాళ్ల అంచనా. చిన్నప్పుడు ఇంకా గట్టిగా, ఇంకో పదిసార్లు అని వీళ్లను అదిలించి నేర్పారు, వీళ్లు దాన్ని ఒంటబట్టించుకున్నారు. ఇప్పుడు ఫిజియో దగ్గరికి వస్తే దానికి సరిగ్గా వ్యతిరేకం వినాలి. కండ అలిసేదాకా చేయొద్దు, మధ్యలో ఆగు, మెట్లు మానేసి మెట్రోలో లిఫ్టు ఎక్కు, అటక మీద పారేసిన క్యాలిపర్‌ను దింపి కొలతలు మళ్లీ తీయించు. చాలామంది ఒప్పుకోరు. యాభై ఏళ్లు వచ్చాక మళ్లీ క్యాలిపర్ ఏమిటి అంటారు.

(సశేషం. వచ్చే భాగం: ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి)